ఎం.సి.బి. తీగకు, ఆర్.సి.సి.బి. మనిషికి - గృహ విద్యుత్ రక్షణ పరికరాల పనితీరు

ఇంటిలో మీటరు పక్కన ఎం.సి.బి. అమర్చి ఉన్నది కనుక ఇక విద్యుదాఘాత భయం లేదన్న నమ్మకం పట్టణాలలోను, పల్లెలలోను ఒకే విధంగా కనిపిస్తుంది. కొత్త ఇల్లు కట్టుకున్నవారు, అద్దెకు దిగేవారు, పాఠశాల లేదా వసతిగృహ భవనాన్ని స్వాధీనం చేసుకునే అధికారులు సైతం బోర్డులో వరుసగా నిలిచిన మీటలను చూసి భద్రత సమకూరిందని భావిస్తుంటారు. వాస్తవానికి ఎం.సి.బి. కాపాడేది గోడలోని తీగను. మనిషి ప్రాణాన్ని కాపాడేందుకు ఉద్దేశించిన పరికరం వేరే ఉన్నది. దానిని రెసిడ్యుయల్ కరెంట్ సర్క్యూట్ బ్రేకర్ లేదా ఆర్.సి.సి.బి. అంటారు. ఎలక్ట్రీషియన్లు, దుకాణదారులు మాత్రం పాత అలవాటు కొద్దీ నేటికీ ఈ.ఎల్.సి.బి. అనే పిలుస్తున్నారు. మొదటిది ఉండి రెండవది లేని ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. చాలామంది గృహస్థులకు ఆ తేడా ఉన్నదన్న సంగతే తెలియదు.

జాతీయ నేర గణాంకాల నమోదు సంస్థ వార్షిక నివేదికల ప్రకారం 2018 నుండి 2021 వరకు ప్రతి సంవత్సరం దేశంలో 12 వేలమందికి పైగా విద్యుదాఘాతంతో మరణించారు. తెగిపడిన లైన్లు, పొలాలలోని మోటార్లు, పని ప్రదేశాలలో జరిగిన ప్రమాదాలు కూడా ఇందులో చేరి ఉన్నందున ఈ సంఖ్య మొత్తాన్ని ఇళ్ళకు అన్వయించరాదు. అయినప్పటికీ జిల్లా వార్తలను గమనించేవారికి కొన్ని సందర్భాలు పదే పదే ఎదురవుతాయి. నీటి మోటారు వేయబోయిన గృహిణి, కూలరులో నీరు పోస్తున్న బాలుడు, తడి చేతులతో గీజరు స్విచ్ ముట్టుకున్న వృద్ధుడు, సెల్ ఫోను ఛార్జరు వైరు పట్టుకున్న యువకుడు - ఇటువంటి మరణాలలో అనేకం మీటరుకు ఇవతల, ఇంటి వైరింగులోనే సంభవిస్తాయి. ఇవి నివారింపదగినవి.

ఎం.సి.బి. ఏమి చేస్తుంది?

గృహాలకు 230 వోల్టుల విద్యుత్తు ఫేజు, న్యూట్రలు అనే రెండు తీగల ద్వారా సరఫరా అవుతుంది. ఫేజు తీగ ద్వారా వచ్చిన కరెంటు బల్బు, ఫ్యాను లేదా మోటారు గుండా ప్రవహించి న్యూట్రలు ద్వారా తిరిగి వెళ్ళిపోతుంది. మూడవదైన ఎర్తు తీగలో సాధారణ సమయాలలో కరెంటు ఉండదు. ఏ తీగలోనైనా కరెంటు ప్రవహించినప్పుడు అది వేడెక్కుతుంది. కరెంటు రెట్టింపయితే వేడి నాలుగు రెట్లవుతుంది. పరిమితికి మించి వేడెక్కిన తీగపైనున్న పి.వి.సి. తొడుగు మెత్తబడి, కాలి, చివరకు మంటలకు దారి తీస్తుంది. దీనిని నివారించడానికే పూర్వం పింగాణీ కటౌట్లలో ఫ్యూజు తీగ వాడేవారు. ఆ విధానంలో ఉన్న లోపం సాంకేతికమైనది కాదు, మానవ సహజమైనది. ఫ్యూజు రెండు మూడు సార్లు పోగానే చేతికందిన రాగి తీగను మడచి బిగించేవారు. దానితో కరగవలసిన ఫ్యూజు కరగకుండా, కరగకూడని గోడలోని తీగ కరిగేది.

ఎం.సి.బి. ఈ ఇబ్బందిని తొలగించింది. జర్మనీలోని మన్‌హైమ్ నగరానికి చెందిన హ్యూగో స్టాట్జ్ సంస్థ 1924లో పేటెంటు పొందిన నమూనా నుండే నేటి చిన్న బ్రేకర్లు రూపొందాయి. అరచేతిలో ఇమిడే ఈ పరికరం లోపల రెండు వేర్వేరు ఏర్పాట్లు ఉంటాయి. మొదటిది రెండు లోహాలను అతికించి చేసిన పట్టీ. వేడికి ఒక లోహం ఎక్కువగాను, మరొకటి తక్కువగాను వ్యాకోచించడం వలన పట్టీ మెల్లగా వంగి, ఒక స్థాయిలో లోపలి కొక్కేన్ని తప్పిస్తుంది. మీట కిందికి పడిపోతుంది. ఇది అధిక లోడుకు విరుగుడు. ప్రమాణాల ప్రకారం 16 ఆంపియర్ల ఎం.సి.బి. సుమారు 18 ఆంపియర్ల వద్ద గంటసేపు పడిపోకుండా నిలబడాలి, 23 ఆంపియర్లు దాటితే గంటలోపు తప్పక పడిపోవాలి. కొంత అధిక లోడును కొద్దిసేపు సహించడం దాని లోపం కాదు. తీగ వేడెక్కడానికి కూడా సమయం పడుతుంది కనుక బ్రేకరు కూడా ఆ మేరకు ఓపిక పడుతుంది.

రెండవ ఏర్పాటు ఒక తీగచుట్ట. ఫేజు, న్యూట్రలు నేరుగా కలిసి షార్ట్ సర్క్యూట్ ఏర్పడినప్పుడు కరెంటు క్షణంలో వందల ఆంపియర్లకు చేరుకుంటుంది. పట్టీ వంగేవరకు ఆగితే తీగ మిగలదు. అందుకని ఆ చుట్ట అయస్కాంతంగా మారి లోపలి ఇనుప ముక్కను లాగి, సెకనులో నూరో వంతు కాలంలోనే మీటను పడవేస్తుంది. ఈ పని ఏ కరెంటు వద్ద జరగాలన్న దానినిబట్టి బి, సి, డి అనే రకాలు ఉన్నాయి. బి రకం రేటింగుకు 3 నుండి 5 రెట్ల వద్ద, సి రకం 5 నుండి 10 రెట్ల వద్ద, డి రకం 10 నుండి 20 రెట్ల వద్ద తక్షణం పడిపోతాయి. మోటార్లు ప్రారంభంలో అధిక కరెంటు తీసుకుంటాయి కనుక ఇళ్ళలో సాధారణంగా సి రకం వాడకంలో ఉన్నది. పెద్ద కరెంటును తెంచినప్పుడు ఏర్పడే విద్యుత్ మెరుపును ముక్కలు చేసి చల్లార్చడానికి లోపల సన్నని లోహపు రేకుల దొంతర ఉంటుంది. మీటను చేతితో పైకి నొక్కి పట్టుకున్నా లోపలి కొక్కెం విడిపోతుంది. ఫ్యూజుతో చేసినట్లు దీనిని మోసగించడం అంత సులభం కాదు.

అంత సులభం కాదన్న మాటకు ఒక మినహాయింపు ఉన్నది. లైట్ల సర్క్యూటుకు వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకు 6 లేదా 10 ఆంపియర్ల ఎం.సి.బి. సరిపోతుంది. అది తరచు పడిపోతున్నదని దాని స్థానంలో 32 ఆంపియర్లది బిగిస్తే, కటౌట్‌లో లావు తీగ బిగించినదానికి, దీనికి తేడా లేదు. బ్రేకరును ఎంచుకోవలసింది లోడునుబట్టి మాత్రమే కాదు, తీగ మందాన్నిబట్టి.

మనిషిని ఎందుకు కాపాడలేదు?

ఈ విషయం లెక్కలో స్పష్టమవుతుంది. తడి నేలపై చెప్పులు లేకుండా నిలబడిన మనిషి శరీర నిరోధాన్ని సుమారు 1,000 ఓములుగా తీసుకుంటే, 230 వోల్టుల ఫేజును తాకినప్పుడు అతని గుండా 230 మిల్లీ ఆంపియర్లు, అనగా ఆంపియరులో నాలుగో వంతు కంటే తక్కువ కరెంటు భూమిలోకి పోతుంది. మానవ శరీరానికి ఇది చాలా ఎక్కువ. సుమారు 10 మిల్లీ ఆంపియర్ల వద్దనే చేతి కండరాలు బిగుసుకొని, పట్టుకున్న తీగను వదలలేని స్థితి వస్తుంది. 30 మిల్లీ ఆంపియర్లు దాటి కొనసాగితే శ్వాసకు, గుండె లయకు ముప్పు ఏర్పడుతుంది. కాని ఇంటిలోని అతి చిన్న ఎం.సి.బి.లలో ఒకటైన 6 ఆంపియర్ల బ్రేకరుకు 230 మిల్లీ ఆంపియర్లు లెక్కలోనికి రావు. దాని దృష్టిలో మనిషి ప్రాణం పోవడం, ఒక టేబుల్ ఫ్యాను తిరగడం ఒకటే. రెండింటికీ దాదాపు అంతే కరెంటు అవుతుంది. ఎం.సి.బి. చెడిపోలేదు, అది తన పనిని సక్రమంగానే చేస్తున్నది. ఆ పని ఇది కాదు.

ఆర్.సి.సి.బి. లెక్క వేరు. అది కరెంటు ఎంత ఉన్నదని చూడదు, వెళ్ళినదంతా తిరిగి వచ్చిందా అని చూస్తుంది. ఉదయం మేతకు తోలిన మందను సాయంత్రం దొడ్డి వాకిట నిలబడి లెక్కించే కాపరి పని వంటిదే ఈ పని. దాని లోపల ఒక లోహపు వలయం ఉంటుంది. ఫేజు, న్యూట్రలు రెండూ ఆ వలయం గుండానే వెళతాయి. వెళ్ళే కరెంటు, వచ్చే కరెంటు సమానంగా ఉన్నంతవరకు వాటి అయస్కాంత ప్రభావాలు ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. 5 ఆంపియర్లు నడిచినా, 25 ఆంపియర్లు నడిచినా వలయంలో చలనం ఉండదు. ఎక్కడైనా కొంత కరెంటు మనిషి శరీరం ద్వారానో, తడిసిన గోడ ద్వారానో భూమిలోకి మళ్ళితే న్యూట్రలు ద్వారా తిరిగి వచ్చేది ఆ మేరకు తగ్గుతుంది. ఆ తేడాకు వలయంపై చుట్టిన మరొక సన్నని చుట్టలో విద్యుత్తు పుట్టి, మీటను పట్టి ఉంచిన సున్నితమైన కొక్కేన్ని విడుదల చేస్తుంది. ఇంతకు మించి అందులో రహస్యమేమీ లేదు.

ఇళ్ళకు నిర్దేశించినది 30 మిల్లీ ఆంపియర్ల రకం. 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బు తీసుకునే కరెంటు కంటే ఇది తక్కువ. తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరితే సెకనులో మూడో వంతు లోపల, 150 మిల్లీ ఆంపియర్లకు చేరితే సెకనులో ఇరవై ఐదో వంతు లోపల సరఫరాను తెంచాలన్నది ప్రమాణం. పైన చెప్పిన 230 మిల్లీ ఆంపియర్ల సందర్భంలో మనిషి శరీరంలో కరెంటు ఉండేది ఆ ఇరవై ఐదో వంతు కాలం మాత్రమే. షాక్ కొట్టదని దీని అర్థం కాదు. కొడుతుంది, నొప్పి కూడా ఉంటుంది. ఆర్.సి.సి.బి. కరెంటును తగ్గించదు, దాని వ్యవధిని తగ్గిస్తుంది. గుండె లయ తప్పడానికి కావలసిన సమయం చిక్కకుండా చేయడంలోనే దాని ప్రయోజనం ఇమిడి ఉన్నది. ఎంత కరెంటును మనిషి వదిలించుకోగలడు అన్న విషయంపై దీర్ఘకాలం పరిశోధించిన కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు చార్లెస్ డాల్జీల్ 1961లో అమెరికాలో ఇదే సూత్రంపై పనిచేసే పరికరాన్ని రూపొందించారు. ఆస్ట్రియాలో, దక్షిణాఫ్రికా గనులలో 1950 దశకంలోనే ఇటువంటి కృషి జరిగింది.

ఎర్తు ఉంటే చాలదా?

అధికారుల నుండి, ఇంజనీర్ల నుండి కూడా తరచు వచ్చే ప్రశ్న ఇది. ఎర్తింగు అత్యవసరం. కాని అది ఒక్కటే ఉండి, ఆర్.సి.సి.బి. లేకపోతే ఏమవుతుందో చూడాలి. పెరటిలో గుంట తవ్వి, బొగ్గు, ఉప్పు వేసి పాతిన ఇనుప పైపు నిరోధం 10 ఓములు, ట్రాన్స్‌ఫార్మరు వద్ద న్యూట్రలు ఎర్తు నిరోధం 5 ఓములు అనుకుందాం. వాషింగ్ మెషీనులో ఫేజు తీగ తొడుగు చిట్లి ఇనుప బాడీని తాకితే 230 వోల్టులను 15 ఓములతో భాగించగా సుమారు 15 ఆంపియర్లు భూమిలోకి పోతాయి. ఆ సాకెట్టుకు ఉన్నది 16 ఆంపియర్ల ఎం.సి.బి. అయితే అది పడిపోదు, ఎంతసేపైనా పడిపోదు. ఈలోగా మెషీను బాడీపై 150 వోల్టుల పైచిలుకు నిలిచి ఉంటుంది. ఎర్తు తీగ సవ్యంగా ఉన్నా, ఎం.సి.బి. సవ్యంగా ఉన్నా, మెషీనును తాకిన మనిషికి రక్షణ లేదు. వేసవిలో గుంట ఎండిపోయి నిరోధం 10 ఓముల నుండి 50కి పెరిగితే కరెంటు మరింత తగ్గుతుంది, బాడీపై వోల్టేజి మరింత పెరుగుతుంది. పూర్వం పెద్దలు ఎర్తు గుంటలో రోజూ ఒక చెంబు నీళ్ళు పోయించడంలోని అర్థం ఇదే.

అదే చోట 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. ఉంటే, ఎర్తు నిరోధం ఏకంగా 1,000 ఓములకు పెరిగినా, లోపం ఏర్పడిన తక్షణమే, ఎవరూ తాకకముందే సరఫరా నిలిచిపోతుంది. ఎర్తు తీగ అసలు లేని ఇంటిలో అది మనిషి తాకినప్పుడు మాత్రమే పడిపోతుంది. పరికరం పనిచేయడానికి ఎర్తు తీగ అవసరం లేదు. కాని ఎర్తు ఉన్న ఇంటిలో లోపాన్ని మెషీను బయట పెడుతుంది, ఎర్తు లేని ఇంటిలో మనిషి శరీరం బయట పెడుతుంది. కనుక రెండూ ఉండాలి.

ఆర్.సి.సి.బి. చేయలేని పనులు కూడా ఉన్నాయి. ఒక చేత ఫేజు, మరొక చేత న్యూట్రలు పట్టుకొని, భూమికి కరెంటు పోని స్థితిలో ఉన్న మనిషిని అది బల్బుగానే భావిస్తుంది, ఎందుకంటే వెళ్ళినదంతా తిరిగి వస్తున్నది. తనకంటే ముందున్న తీగలపై దానికి అధికారం లేదు. స్తంభం నుండి వచ్చే సర్వీసు వైరుకు ఒరుసుకొని ఇనుప దండెం తీగకు కరెంటు వస్తే ఇంటిలోని ఆర్.సి.సి.బి.కి ఆ సంగతి తెలియనే తెలియదు. దండేనికి ఇనుప తీగకు బదులు ప్లాస్టిక్ తాడు వాడడమే దానికి పరిష్కారం. అధిక లోడు, షార్ట్ సర్క్యూట్ల నుండి కూడా ఆర్.సి.సి.బి. రక్షించదు కనుక దానితోపాటు ఎం.సి.బి. ఉండవలసిందే. ఈ రెండు పనులను ఒకే పరికరంలో కూర్చినది ఆర్.సి.బి.ఓ. ఆర్.సి.సి.బి.పై ముద్రించిన 25, 40 లేదా 63 ఆంపియర్ల అంకె అది మోయగల కరెంటును సూచిస్తుంది, పడిపోయే కరెంటును కాదు. కొనుగోలులో చూడవలసిన అంకె 30 మిల్లీ ఆంపియర్లు. 100, 300 మిల్లీ ఆంపియర్లవి ప్రధానంగా అగ్ని ప్రమాద నివారణకు ఉద్దేశించినవి, వాటిని మనిషి రక్షణకు లెక్కించరాదు. వాషింగ్ మెషీన్లు, ఇన్వర్టర్ ఏ.సి.ల వంటి ఎలక్ట్రానిక్ పరికరాలు ఉన్నచోట ఏసీ రకం కంటే ఏ రకం మేలు.

తీసివేసిన రక్షణ

క్షేత్రస్థాయిలో అసలు సమస్య పరికరం లేకపోవడం ఒక్కటే కాదు, ఉన్నదానిని తొలగించడం. వర్షాకాలంలో ఆర్.సి.సి.బి. పదే పదే పడిపోతున్నదని గృహస్థు ఫిర్యాదు చేయగానే, దానిని దాటించి నేరుగా తీగ కలపడం కొందరు ఎలక్ట్రీషియన్లకు అలవాటైంది. ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది, లోపం అలాగే ఉంటుంది. పడిపోతున్న ఆర్.సి.సి.బి. చాలా సందర్భాలలో నిజమే చెబుతుంది. గీజరు కాయిల్‌లో లీకేజీ, ఆరుబయట స్విచ్ బోర్డులోకి చేరిన వాన నీరు, మోటారు వైండింగులో తేమ, చీమలు గూడు కట్టిన జంక్షన్ బాక్సు - కారణం ఇందులో ఏదో ఒకటై ఉంటుంది. అన్ని ఎం.సి.బి.లను దించి, పరికరాల ప్లగ్గులన్నీ తీసి, ఆర్.సి.సి.బి.ని పైకెత్తిన తరువాత ఒక్కొక్క ఎం.సి.బి.ని, ఒక్కొక్క ప్లగ్గును కలుపుతూ పోతే దోషి ఎవరన్నది చాలాసార్లు పావుగంటలో తేలుతుంది.

పరికరంలోగాని, సామానులోగాని లోపం లేకుండానే పడిపోయే సందర్భం ఒకటి మన ఇళ్ళలో అధికం. ఇన్వర్టరు బిగించేటప్పుడు ఒక సర్క్యూటు న్యూట్రలును మరొక సర్క్యూటుకు వాడుకుంటారు. అప్పుడు ఒక దారిన వెళ్ళిన కరెంటు మరొక దారిన తిరిగి వస్తుంది, వలయం లెక్క తప్పుతుంది, మీట పడుతుంది. తప్పు ఆర్.సి.సి.బి.ది కాదు, వైరింగుది. న్యూట్రళ్ళను విడదీయడం కొంత శ్రమతో కూడిన పని. దాటించడం రెండు నిముషాల పని. రెండవదే ఎక్కువగా జరుగుతున్నది.

ప్రతి ఆర్.సి.సి.బి.పై టి అక్షరంతో ఒక చిన్న బొత్తాం ఉంటుంది. దానిని నొక్కితే లోపలి నిరోధకం ద్వారా కొద్ది కరెంటు వలయాన్ని తప్పించుకొని పోతుంది, అనగా కృత్రిమంగా ఒక లీకేజీ ఏర్పడుతుంది. సరఫరా ఉన్నప్పుడు నొక్కగానే మీట పడిపోవాలి. పడకపోతే పరికరాన్ని వెంటనే మార్చాలి. ఏళ్ళ తరబడి కదలని కొక్కెం దుమ్ముకు, తేమకు బిగుసుకుపోవచ్చు కనుక నెలకొకసారి నొక్కి చూడడం మంచిది. కరెంటు బిల్లు వచ్చిన రోజును గుర్తుగా పెట్టుకుంటే మరచిపోవడం ఉండదు. ఈ బొత్తాం పరికరాన్ని మాత్రమే పరీక్షిస్తుంది, ఇంటి ఎర్తును పరీక్షించదు.

నిబంధనలు, విచారణ

1956 నాటి భారత విద్యుత్ నియమాల స్థానంలో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో భద్రతా నిబంధనలను, వాటి స్థానంలో 2023లో కొత్త నిబంధనలను జారీ చేసింది. భూమిలోకి లీకయ్యే కరెంటు నుండి రక్షణ పరికరం ఉండాలన్నది వీటిలో భాగం. అయితే 2010 నిబంధనలు వెలువడినప్పుడు 250 వోల్టులకు మించని, 5 కిలోవాట్లలోపు కనెక్షన్లకు ఈ షరతు నుండి మినహాయింపు ఉండేది. తరువాత ఆ పరిమితిని తగ్గించారు. ఒక బల్బు, ఒక ఫ్యాను, ఒక టీవీ ఉన్న ఇల్లు ఇటువంటి మినహాయింపు కిందికే వస్తుంది. మట్టి నేల, వాన నీరు దిగే గోడ, అతుకుల వైరు ఉండేది కూడా ఆ ఇంటిలోనే. నిబంధన తప్పనిసరి చేయకపోయినంత మాత్రాన అవసరం లేదని భావించరాదు. బలహీన వర్గాల గృహాలు, అంగన్‌వాడీ కేంద్రాలు, వసతిగృహాలకు అంచనాలు తయారుచేసే ఇంజనీర్లు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి.ని లోడుతో నిమిత్తం లేకుండా చేర్చవచ్చు. ఆర్.సి.సి.బి.లకు వర్తించే భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 12640. ఐ.ఎస్.ఐ. గుర్తు ఉన్నదీ లేనిదీ స్వాధీనం చేసుకునే సమయంలోనే చూసుకోవాలి.

విద్యుత్ చట్టం 2003లోని 161వ సెక్షను ప్రకారం విద్యుత్ వలన ప్రాణనష్టం లేదా గాయం సంభవించినప్పుడు ఆ విషయాన్ని విద్యుత్ తనిఖీ అధికారికి తెలియజేయవలసి ఉంటుంది, దానిపై విచారణకు కూడా అవకాశం ఉన్నది. పత్రికలలో మాత్రం ప్రతి అగ్ని ప్రమాదం షార్ట్ సర్క్యూట్ గాను, ప్రతి మరణం విద్యుదాఘాతం గాను ఒక్క వాక్యంలో ముగిసిపోతుంటుంది. సంఘటన స్థలానికి వెళ్ళే విలేకరులు, రెవెన్యూ, పోలీసు సిబ్బంది కొన్ని వివరాలు సేకరించగలిగితే కారణం తెలుస్తుంది. బోర్డులో ఆర్.సి.సి.బి. ఉన్నదా, ఉంటే దానిని దాటించి తీగ కలిపారా, మీట పైన ఉన్నదా కింద ఉన్నదా, ఎం.సి.బి. రేటింగుకు తీగ మందం సరిపోతున్నదా, బాధితుడు తాకిన వస్తువుకు మూడు పిన్నుల ప్లగ్గు ఉన్నదా లేక ఎర్తు పిన్ను విరిచి వాడుతున్నారా అన్నవి ఆ వివరాలు. వీటిని చూసేందుకు బోర్డు మూత విప్పవలసి వస్తే ఆ పని సరఫరా నిలిపివేసిన తరువాత లైన్‌మన్ లేదా లైసెన్సు కలిగిన ఎలక్ట్రీషియన్ చేతనే చేయించాలి. ప్రమాదం జరిగిన క్షణంలో ఉన్నవారు సైతం బాధితుని నేరుగా తాకరాదు. మొదట మెయిన్ దించి, అది వీలుకాకపోతే పొడి కర్రతో తీగను తొలగించి, ఆ తరువాతనే 108కి ఫోను చేస్తూ ప్రథమ చికిత్స ప్రారంభించాలి.